ట్రాఫిక్ మోడల్‌కు డబ్బు పెట్టే ముందు, పెట్టాక: రాయలసీమ నగరాలకు ఒక పని పద్ధతి

కార్పొరేషన్‌లో ట్రాఫిక్ స్టడీ ఫైలు కదిలిందంటే మొదట వచ్చే ప్రశ్న "ఏ సాఫ్ట్‌వేర్ తీసుకుందాం?" అని. అది ఆఖర్న తేలాల్సిన సంగతి. ట్రాఫిక్ మోడల్ అంటే ఊరి రాకపోకలను లెక్కగట్టి, ఏది మారిస్తే ఏమవుతుందో చెప్పే కంప్యూటర్ లెక్క. ముందు నోట్‌ఫైలులో ఒక్క వాక్యం రాయాలి: ఈ మోడల్ ఇచ్చే జవాబును బట్టి ఏ నిర్ణయం మారుతుంది? "ఫ్లైఓవర్ ఎటూ కట్టేదే, డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి నివేదిక)లో ఒక చాప్టరు నిండాలి" అన్నదే అసలు సంగతైతే, ఆ డబ్బుతో నాలుగు వీధులకు ఫుట్‌పాత్ వేయించడం మేలు.

కర్నూలు, కడప, అనంతపురం మూడూ 2011 లెక్కల్లో రెండున్నర నుంచి నాలుగున్నర లక్షల జనం ఉన్న ఊళ్లు. ఇంత ఊరికి మహానగరపు మెట్రో స్టడీ టీఓఆర్‌ను (కన్సల్టెంటు ఏ పని ఎలా చేయాలో చెప్పే పత్రాన్ని) తెచ్చి, ఊరి పేరు మాత్రం మార్చి టెండరు పిలిస్తే సగం ఖర్చు మనకు అక్కరకు రాని వాటికే పోతుంది. కింద చెప్పేది మున్సిపల్ ఇంజనీర్లకు, టౌన్ ప్లానింగ్ సిబ్బందికి, కుడా (కర్నూలు), అహుడా (అనంతపురం-హిందూపురం), అన్నమయ్య అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీల్లో ఈ ఫైళ్లు చూసేవారికి. బిల్లు పాస్ చేసే ముందు ప్రశ్నలు అడగాలనుకునే కార్పొరేటర్లకు, ఊరివాళ్లకు కూడా.

ప్రశ్న ఎంతో పనిముట్టు అంత

ఒక కూడలిలో సిగ్నల్ టైమింగు తేల్చడానికి కంప్యూటర్ మోడల్ అక్కర్లేదు. కర్నూలు రాజ్‌విహార్ దగ్గరో, అనంతపురం క్లాక్ టవర్ దగ్గరో ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో ఒక్కో దిక్కు నుంచి వచ్చే బండ్లను పావుగంటకోసారి లెక్కపెట్టి, వెబ్‌స్టర్ సూత్రంలో వేస్తే సరిపోతుంది. సిగ్నల్ సైకిల్ (అన్ని దిక్కులకూ ఒక్కో విడత పచ్చ లైటు పడే మొత్తం సమయం) ఎన్ని సెకన్లుండాలంటే: నష్టకాలాన్ని (లైటు మారేటప్పుడు వృథా అయ్యే సెకన్లను) 1.5తో గుణించి 5 కలపాలి, దాన్ని (1 − వై)తో భాగించాలి. ఒక్కో ఫేజులో (ఒక విడత పచ్చ లైటులో) ఎక్కువ రద్దీ ఉన్న దిక్కు ప్రవాహాన్ని ఆ దారి సాచురేషన్ ప్రవాహంతో (పచ్చ లైటు ఆగకుండా ఉంటే గంటలో దాటగల బండ్లతో) భాగించి, అన్ని ఫేజులవీ కలిపితే వచ్చేదే వై. నష్టకాలం 12 సెకన్లు, వై 0.7 అయితే 23ను 0.3తో భాగిస్తే దాదాపు 77 సెకన్లు. అదే వై 0.9కి చేరితే 230 సెకన్లు వస్తుంది. అంటే అక్కడ సిగ్నల్‌తో పని జరగదు, కూడలి ఆకారమో, ఎడమ మలుపు దారో, ఆటో స్టాండు జాగానో మార్చాలి. ఇదంతా ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), ఎక్సెల్ షీటు చేసే పని.

ఫ్లైఓవర్ వేస్తే కింద కూడలి ఏమవుతుంది, బస్టాండు ముందు యూటర్న్ మూస్తే క్యూ ఎక్కడిదాకా పోతుంది లాంటి ప్రశ్నలకు ఒక్కో బండినీ విడిగా నడిపి చూపించే మైక్రో సిమ్యులేషన్ కావాలి. విస్సిమ్, ఎయిమ్‌సన్ డబ్బు పెట్టి కొనేవి. జర్మనీ అంతరిక్ష సంస్థ డీఎల్ఆర్ 2001 నుంచి అభివృద్ధి చేస్తున్న సుమో ఉచితం.

బైపాస్, రింగు రోడ్డు, బస్టాండును లేదా మార్కెట్ యార్డును ఊరి బయటికి తరలించడం లాంటివి ఊరంతటి ప్రయాణాలనూ మారుస్తాయి. వీటికే నాలుగంచెల మోడల్: ఏ ప్రాంతంలో ఎన్ని ప్రయాణాలు పుడతాయి, ఎక్కడికి పోతాయి, దేనిలో పోతాయి, ఏ దారిన పోతాయి. విసమ్, ట్రాన్స్‌క్యాడ్, క్యూబ్, ఎమ్మె ఈ కోవవి. క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్‌తో కలిసి పనిచేసే ఈక్విలిబ్రే అనే ఉచిత పనిముట్టు గ్రావిటీ మోడల్ (పెద్ద చోట్ల మధ్య ఎక్కువ, దూరం పెరిగేకొద్దీ తక్కువ ప్రయాణాలు వేసే లెక్క), రోడ్ల మీద ట్రాఫిక్ పంపకం రెండూ చేస్తుంది. మన ఊళ్ల సైజుకు అది సరిపోతుంది.

సిటీ బస్సు రూట్లు వేయడానికి మాత్రం నాలుగంచెల మోడల్ ముతక పనిముట్టు. మున్సిపల్ డివిజన్‌కో జోన్ (లెక్క కోసం ఊరిని విడగొట్టిన ముక్క) చొప్పున యాభై జోన్లతో చేసిన మోడల్‌కు, ఒక స్టాపు నుంచి 300 మీటర్లు నడిచే మనిషికీ 900 మీటర్లు నడిచే మనిషికీ తేడా తెలియదు. అక్కడ ఆర్టీసీ టికెట్ మిషన్ల లెక్కలు, షేర్ ఆటో ఎక్కేవాళ్లతో మాటలు, అంతే.

డబ్బు ఎక్కడ పోతుంది

లంప్‌సమ్ కొటేషన్ తీసుకోవద్దు. ఇంటింటి సర్వే, బండ్ల లెక్కింపు, రోడ్డు పక్కన ఆపి అడిగే సర్వే, నెట్‌వర్క్ తయారీ, లైసెన్సు, నిపుణుల పనిదినాలు, శిక్షణ, రిపోర్టు, ఇలా ఒక్కోదానికీ విడి రేటు రాయించాలి. అప్పుడే ఎక్కడ కోత పెట్టారో కనిపిస్తుంది. కోత పడేది ఎప్పుడూ సర్వేలోనే.

ఇంటింటి సర్వేకు ఎన్ని ఇళ్లు? అమెరికా బ్యూరో ఆఫ్ పబ్లిక్ రోడ్స్ పాత పట్టికనే మన పాఠ్యపుస్తకాలు ఇంకా చెబుతున్నాయి: 3 నుంచి 5 లక్షల జనాభాకు 15 ఇళ్లకు ఒకటి, తప్పనిసరైతే కనీసం 50 ఇళ్లకు ఒకటి. కర్నూలులో లక్ష ఇళ్లు అనుకుందాం. కనీసం అంటే 2,000 ఇళ్లు, పూర్తిగా అంటే దాదాపు 6,700. నలుగురున్న ఇంట్లో అందరి ప్రయాణాలూ సరిగ్గా రాయాలంటే ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. తాళం వేసిన ఇళ్లు, "సాయంత్రం రండి" అనే ఇళ్లు కలుపుకుంటే ఒక మనిషి రోజుకు 12 ఇళ్లకు మించి చేయలేరు. 2,000 ఇళ్లకు 167 పనిదినాలు. 6,700కైతే దాదాపు 560. రెండు వైపులా 16 గంటల లెక్కింపుకు ఒక్కో చోట రెండు షిఫ్టులు, షిఫ్టుకు నలుగురు. ఇరవై చోట్లకు 160 మనిషి-షిఫ్టులు. సూపర్‌వైజర్లు, డేటా ఎంట్రీ వేరే. ఈ గుణకారం టెండరు పిలిచే ముందే చేసి పెట్టుకుంటే, ఎవరైనా దాంట్లో మూడో వంతుకు కోట్ చేసినప్పుడు ఫారాలు ఎక్కడ నిండుతాయో ఊహించుకోవచ్చు.

ఇంకో లెక్క. 2,000 ఇళ్లలో ఇంటికి ఐదు ప్రయాణాలు దొరికితే 10,000. యాభై జోన్ల నుంచి యాభై జోన్లకు అంటే 2,500 గడులు. ఈ గడుల పట్టికనే ఓడీ మ్యాట్రిక్స్ అంటారు. గడికి సగటున నాలుగు, అసలు చాలా గడుల్లో సున్నా. అందుకే "సర్వేలో తేలిన ఓడీ మ్యాట్రిక్స్" అని రిపోర్టులో కనబడితే నమ్మకూడదు. సర్వే నుంచి వచ్చేది ప్రయాణాల రేట్లు, దూరాల తీరు మాత్రమే. గడులు నింపేది గ్రావిటీ మోడల్. ఈ సంగతి రిపోర్టులో దాచకుండా రాసిన కన్సల్టెంటును కాస్త నమ్మవచ్చు.

క్యూసీబీఎస్ పద్ధతిలో, అంటే నాణ్యతకూ ధరకూ కలిపి మార్కులు వేసే పద్ధతిలో పిలవడం మంచిది. కేంద్రం 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ ప్రకారం నాణ్యత వాటా 80 శాతం దాటకూడదు. 70:30 మన ఊళ్లకు సరిపోతుంది. సర్వే పనికి ఎల్-1 పద్ధతి, అంటే అందరికన్నా తక్కువ ధర చెప్పినవాళ్లకే ఇచ్చే పద్ధతి వద్దు.

జోన్లు, నెట్‌వర్క్

డివిజన్ హద్దులనే జోన్ హద్దులుగా తీసుకోవడం సులువు, జనాభా లెక్క దానికే దొరుకుతుంది కాబట్టి. కానీ ఆర్టీసీ బస్టాండు, పెద్దాసుపత్రి, కలెక్టరేట్, మార్కెట్ యార్డు, యూనివర్సిటీలను విడి జోన్లుగా తీయాలి. జనం నిద్రపోయే చోటుకూ పనికి పోయే చోటుకూ పోలికే ఉండదు. ఊరి బయట నుంచి వచ్చే ప్రతి పెద్ద రోడ్డుకూ ఒక బయటి జోన్. కర్నూలుకైతే తుంగభద్ర వంతెన వైపు, నంద్యాల చెక్‌పోస్టు, బళ్లారి రోడ్డు, డోన్ వైపు తప్పనిసరి.

జనాభాకు 2011 లెక్కను ఏటా ఇంత శాతం అని పెంచుకుంటూ పోవడం అందరూ చేసే పని. దానివల్ల పాత బస్తీ లెక్క ఉబ్బిపోతుంది, కొత్త లేఅవుట్ల లెక్క మిగలదు. ఏపీఎస్పీడీసీఎల్ దగ్గర ప్రాంతాలవారీగా గృహ కనెక్షన్ల సంఖ్య, కార్పొరేషన్ దగ్గరే ఆస్తిపన్ను అసెస్‌మెంట్లు, వార్డు సచివాలయాల దగ్గర ఇళ్ల జాబితా ఉంటాయి. మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే ఊరు ఎటు పెరిగిందో తెలుస్తుంది. దీనికి ఖర్చు లేదు, ఉత్తరాలు రాయాలి, అంతే.

రోడ్ల నెట్‌వర్క్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాపు నుంచి దిగుతుంది. దిగినదాన్ని అలాగే వాడకూడదు. మూడు తప్పులు మామూలు: వంతెన దగ్గర రెండు గీతలు కలిసినట్టు కనబడినా నోడ్ (గీతలను కలిపే చుక్క) కలవకపోవడం, పోలీసులు ఏనాడో పెట్టిన వన్‌వేలు మ్యాపులో లేకపోవడం, సందును పెద్ద రోడ్డుగా రాయడం. పరీక్ష సులభం. ఊరు తెలిసిన ఆటో డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకుని పదిహేను జతల చోట్ల మధ్య అతి తక్కువ సమయపు దారి గీయించాలి. కల్లూరు నుంచి కొండారెడ్డి బురుజుకు పోయే దారి హంద్రీని వంతెన లేనిచోట దాటిందంటే పని మొదటికొచ్చినట్టే. సుమో వాడేవారు నెట్‌వర్క్ మార్చేటప్పుడు లెఫ్ట్‌హ్యాండ్ ఆప్షన్ పెట్టడం మరిచిపోతే ఊరంతా కుడిపక్కన నడుస్తుంది. చూడగానే దొరికే తప్పే, అయినా రిపోర్టు దాకా పోయే తప్పు.

లెక్కింపు

మంగళ, బుధ, గురువారాలే. సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, జిల్లా నలుమూలల నుంచీ జనం వస్తారు. ఆ రోడ్డు ఆ రోజు లెక్క వేరు. ఏప్రిల్, మే నెలలు వద్దు. కాలేజీలు మూసి ఉంటాయి, మన ఎండలకు పదకొండు దాటితే రోడ్డు మీద మనిషి ఉండడు, సాయంత్రం రద్దీ ఏడు దాకా జరుగుతుంది. కడపలో పెద్ద దర్గా ఉరుసు, దేవుని కడప ఉత్సవాల రోజులు తప్పించాలి. కర్నూలులో ఉల్లి సీజను మాత్రం తప్పించడం కాదు, విడిగా ఇంకోసారి లెక్కపెట్టాలి. యార్డు రోడ్డును ముంచేది ఆ లారీలూ ట్రాక్టర్లే, యార్డు తరలించాలా వద్దా అన్న ప్రశ్నకు ఆ లెక్కే ఆయువుపట్టు.

ఊరిని రెండుగా చీల్చే గీత ఒకటి ఎంచుకోవాలి. దీన్నే స్క్రీన్‌లైన్ అంటారు. కర్నూలుకు హంద్రీ, కడపకు బుగ్గవంక, అనంతపురానికి రైలు పట్టాలు. ఆ గీతను దాటే ప్రతి వంతెన, ప్రతి కాజ్‌వే, ప్రతి గేటు, ప్రతి అండర్‌బ్రిడ్జి దగ్గరా ఒకే రోజు లెక్కపెట్టాలి. ఒక్కటి వదిలినా గీతకు అర్థం లేదు. స్కూటర్లు దూరే చిన్న కాజ్‌వేనే వదిలేస్తారు, రద్దీలో వందల టూవీలర్లు పోయేది దాని మీదే.

జాతీయ రహదారి 44 మీద హైదరాబాద్, బెంగళూరు మధ్య పోయే బండ్లు ఊళ్లోకి రావు. వాటిని ఊరి ప్రయాణాల్లో కలిపితే బైపాస్ అవసరం ఆకాశానికి అంటుతుంది. అమకతాడు, మరూరు టోల్ ప్లాజాల ఫాస్టాగ్ లెక్కలు జాతీయ రహదారుల సంస్థను అడిగి తెచ్చుకుంటే ఈ భాగం సగం తేలిపోతుంది.

నింపిన ఫారాలు నిజమైనవేనా అని చూడటానికి ఇవి చాలు: ఫోన్‌లో నింపే ఫారం వాడించి ప్రతి ఇంటికీ స్థలం, సమయం ముద్ర పడేలా చూడాలి. రెండు ఇంటర్వ్యూల మధ్య ఐదు నిమిషాలే ఉంటే అనుమానించాలి. అన్ని ప్రయాణాలూ సరిగ్గా ఎనిమిదికో, తొమ్మిదికో మొదలైతే, ఆడవాళ్ల ప్రయాణాలు దాదాపు లేకపోతే, పాలకు, స్కూలుకు నడిచి వెళ్లడం ఒక్కటీ రాయకపోతే ఆ ఫారం గదిలో నిండింది. పది శాతం ఇళ్లకు కార్పొరేషన్ వాళ్లే ఫోన్ చేయాలి. సర్వే బిల్లు ఈ తనిఖీ అయ్యాకే.

పీసీయూ: ఒక కాలమ్ మారితే ఫ్లైఓవర్ వస్తుంది

రకరకాల బండ్లను కారు లెక్కలోకి మార్చే పీసీయూ గుణకాలు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 106-1990లో ఉన్నాయి. ప్రతి రకానికీ రెండు విలువలు: ఆ రకం మొత్తంలో 5 శాతం దాకా ఉంటే ఒకటి, 10 శాతం, ఆపైన ఉంటే ఇంకొకటి. టూవీలరుకు 0.5, 0.75. ఆటోకు 1.2, 2.0. బస్సు, లారీకి 2.2, 3.7. ట్రాక్టర్ ట్రెయిలరుకు 4, 5.

ఒక గంటలో ఒక రోడ్డు మీద 1,200 టూవీలర్లు, 500 ఆటోలు, 200 కార్లు, 50 బస్సులూ లారీలూ పోయాయనుకుందాం. టూవీలర్లు, ఆటోలు పది శాతం ఎప్పుడో దాటాయి, బస్సులూ లారీలూ ఐదులోపే. సరైన లెక్క: 900 + 1,000 + 200 + 110 = 2,210. మొదటి కాలమ్‌నే అన్నిటికీ వాడితే 600 + 600 + 200 + 110 = 1,510. మధ్యలో డివైడరు లేని నాలుగు వరుసల సబ్ ఆర్టీరియల్ (ప్రధాన రోడ్డు తర్వాతి స్థాయి) రోడ్డుకు అదే గ్రంథం ఇచ్చే డిజైన్ సర్వీస్ పరిమాణం, అంటే అది మోయదగ్గ రద్దీ, గంటకు 2,400 పీసీయూలు. ఒక లెక్కలో రోడ్డు 92 శాతం నిండింది, ఇంకోదాంట్లో 63. ఒకే రోడ్డును పట్టుకుని "ఇంకా జాగా ఉంది" అనీ, "ఫ్లైఓవర్ లేకపోతే ఊరు ఆగిపోతుంది" అనీ నిరూపించొచ్చు. కాబట్టి రిపోర్టులో మొదట తెరవాల్సిన పేజీ పీసీయూ పట్టిక. కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ సీఆర్ఆర్ఐ తెచ్చిన 2017 ఇండో హెచ్‌సీఎం (రోడ్ల సామర్థ్య గ్రంథం) వాడితే ఇంకా మంచిదే, కానీ రెండింటినీ కలగాపులగం చేసి, గుణకాలు ఒకదాని నుంచి, సామర్థ్యం ఇంకోదాని నుంచి తీయకూడదు.

నాలుగంచెల్లో చెడేవి

మొదటి రెండు అంచెల్లో పెద్ద ప్రమాదం లేదు, సర్వే బాగుంటే.

దేనిలో పోతారన్న అంచె దగ్గర మన ఊళ్లలో కథ మారింది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలై ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకుండా పోయింది. అంతకు ముందు సర్వేతో సరిచేసిన మోడల్ ఏదైనా బస్సు, షేర్ ఆటో, టూవీలర్ల వాటాలు తప్పే చెబుతుంది. ఆడా మగా విడదీయని మోడల్‌లో చార్జీ సున్నా అని పెట్టడానికే వీల్లేదు, పెడితే అందరికీ సున్నా అవుతుంది. టీఓఆర్‌లోనే "ప్రయాణికులను స్త్రీ, పురుషులుగా, టూవీలర్ ఉన్న ఇల్లు, లేని ఇల్లుగా విడదీయాలి" అని రాయాలి. జీరో టికెట్లు కూడా మిషన్‌లోనే కొడుతున్నారు కాబట్టి డిపో నుంచి స్టేజీలవారీ లెక్క అడగవచ్చు.

ఆఖరి అంచెలో రోడ్డు నిండేకొద్దీ సమయం ఎంత పెరుగుతుందో చెప్పే సూత్రం ఉంటుంది. 1964 నాటి బీపీఆర్ (బ్యూరో ఆఫ్ పబ్లిక్ రోడ్స్) సూత్రమే చాలా సాఫ్ట్‌వేర్లలో డిఫాల్టు: నిండిన నిష్పత్తి (బండ్లను సామర్థ్యంతో భాగిస్తే వచ్చేది) నాలుగో ఘాతాన్ని 0.15తో గుణించి, ఖాళీ రోడ్డు మీది సమయంలో అంత వంతును ఆ సమయానికి కలుపుతారు. నిష్పత్తి 0.92 అయితే ఆలస్యం 11 శాతమే. సామర్థ్యానికి ఒకటిన్నర రెట్లు బండ్లు వేసినా 76 శాతమే. కడప ఏడు రోడ్ల కూడలిలో సాయంత్రం నిలబడినవారెవరూ ఈ మాట ఒప్పుకోరు. ఆ సూత్రం రోడ్డు పొడవు గురించి చెబుతుంది, మనకు సమయం పోయేది కూడళ్లలో. మార్గం: పది, పన్నెండు రోడ్ల మీద జీపీఎస్ పెట్టుకుని రద్దీలో, రద్దీ లేనప్పుడు నడిపి అసలు సమయాలు తీసి, ఆ రెండు గుణకాలనూ, కూడళ్ల ఆలస్యాన్నీ మార్చుకోవాలి. డిఫాల్టు విలువలతో వచ్చిన రిపోర్టును వెనక్కి పంపాలి.

మైక్రో సిమ్యులేషన్‌లో ఇంకో మాయ ఉంది. సుమోలో ఒక బండి 300 సెకన్లు కదలకపోతే దాన్ని ఎత్తి ముందుకు పెట్టేస్తుంది. విస్సిమ్‌లోనూ వరుస మార్చుకోలేక 60 సెకన్లు నిలిచిన బండి మాయమవుతుంది. ఇవి డిఫాల్టు విలువలు. వీడియోలో ట్రాఫిక్ సాఫీగా పోతున్నట్టు కనబడుతుంది, క్యూను సాఫ్ట్‌వేర్ మింగేసింది కాబట్టి. ఎన్ని బండ్లు అలా పోయాయి, ఎన్ని అసలు లోపలికే రాలేకపోయాయి అన్న రెండు అంకెలూ అడగాలి. మన బండ్లు వరుసల్లో పోవు కాబట్టి సుమోలో సబ్‌లేన్ (ఒకే వరుసలో బండ్లను పక్కపక్కన పోనిచ్చే) పద్ధతి పెట్టించాలి. కనీసం పది వేర్వేరు రాండమ్ సీడ్‌లతో (బండ్లు వచ్చే తీరును కాస్త అటూ ఇటూ మార్చే అంకెలతో) నడిపి సగటు తీయాలి. ఒక్కసారి నడిపి తీసిన వీడియో ప్రారంభోత్సవ సభలో చూపించడానికి తప్ప దేనికీ పనికిరాదు.

మోడల్ సరిగ్గా ఉందని ఎలా తేల్చాలి

బ్రిటన్ రవాణా శాఖ వాడే కొలత జీఈహెచ్. మోడల్ అంకెకూ లెక్కింపు అంకెకూ తేడాను వర్గం చేసి, రెండుతో గుణించి, రెండు అంకెల మొత్తంతో భాగించి, వర్గమూలం తీయాలి. గంట ప్రవాహాలకే ఇది వర్తిస్తుంది. లెక్కించిన చోట్లలో 85 శాతానికి మించి జీఈహెచ్ 5లోపు రావాలి. లెక్కింపు 800, మోడల్ 950 అయితే 5.07, తప్పినట్టే. లెక్కింపు 80, మోడల్ 130 అయితే 4.88, గట్టెక్కినట్టే, అరవై శాతం ఎక్కువ చెప్పినా. కాబట్టి చిన్న సందుల్లో లెక్కింపు చోట్లు పెట్టి 85 శాతం సాధించామంటే పట్టించుకోవద్దు. పెద్ద రోడ్లను విడిగా చూడాలి, స్క్రీన్‌లైన్ మొత్తం పది శాతంలోపు కలవాలని పట్టుబట్టాలి.

అసలు మోసం ఇంకోచోట జరుగుతుంది. మ్యాట్రిక్స్ ఎస్టిమేషన్ అనే పద్ధతి లెక్కింపు అంకెలకు సరిపోయేలా మ్యాట్రిక్స్‌ను సాగదీస్తుంది. తర్వాత అవే అంకెలతో పోల్చి "మోడల్ 95 శాతం సరిపోయింది" అంటారు. ప్రశ్నపత్రం ముందే చేతికిచ్చి పరీక్ష పెట్టినట్టు. దీనికి విరుగుడు ఒక్కటే: నాలుగో వంతు చోట్ల లెక్కింపు కార్పొరేషనే వేరే మనుషులతో చేయించి, మోడల్ ఫైలు చేతికి వచ్చేదాకా కన్సల్టెంటుకు చూపించకూడదు. జేఎన్టీయూ అనంతపురం, పుల్లారెడ్డి కాలేజీ లాంటి చోట్ల సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులకు భత్యం ఇచ్చి ఈ పని చేయించుకోవచ్చు. మ్యాట్రిక్స్‌ను సాగదీయక ముందు, సాగదీశాక ప్రయాణాల సగటు దూరం ఎంతో కూడా అడగండి. బాగా మారిపోయి ఉంటే సర్వేను పక్కన పెట్టేసినట్టే.

ఒప్పందంలో తప్పనిసరి మాటలు

బైండు చేసిన రిపోర్టు, పీపీటీ, సీడీలో పీడీఎఫ్ ఇచ్చి బిల్లు తీసుకోవడం ఆనవాయితీ. రెండేళ్లకు కమిషనర్ మారి "బైపాస్ ఇంకో అలైన్‌మెంటులో పోతే?" అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు, మళ్లీ టెండరు. ఒకే ఊరి మోడల్‌కు మూడుసార్లు డబ్బు పోయేది ఇలాగే. టీఓఆర్‌లో ఇవి రాయండి: పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసిన సర్వే మూల డేటా సీఎస్‌వీలో. నెట్‌వర్క్, జోన్లు జియోప్యాకేజీ అనే మ్యాపు ఫైలులో. మ్యాట్రిక్స్‌లు ఓఎమ్ఎక్స్ అనే మ్యాట్రిక్స్ ఫైలులో లేదా సీఎస్‌వీలో. ఊహించుకున్న ప్రతి అంకె ఒకే షీటులో, ఎక్కడి నుంచి తీశారో పక్కన రాసి. వీటన్నిటి హక్కు కార్పొరేషన్‌ది. లైసెన్సు కొనే సాఫ్ట్‌వేరైతే అది కార్పొరేషన్ పేరు మీద ఉండాలి. ఏటా కట్టే లైసెన్సుకు తర్వాతి సంవత్సరాల్లో బడ్జెట్ లేకపోతే ఉచిత పనిముట్టుకే పోవాలి, లేకపోతే ఫైలు ఉన్నా తెరుచుకోదు.

ఆఖరి 25 శాతం బిల్లు మాత్రం దీని మీద పెట్టాలి: మన ఆఫీసు కంప్యూటర్ మీద, మన ఏఈ చేత్తో, మోడల్ మొదటి నుంచి చివరిదాకా నడవాలి, రిపోర్టులో ఉన్న అంకెలే రావాలి. ఈ ఒక్క షరతు వల్ల టెండరుకు వచ్చేవాళ్లు తగ్గుతారు. తగ్గనివ్వండి.

జవాబును వాడటం

"2045లో ఈ రోడ్డు మీద ఇన్ని బండ్లు" అనే ఒంటరి అంకెను కౌన్సిల్ ముందు పెట్టకూడదు. ఏటా 5 శాతం పెరుగుదల అనుకుంటే ఇరవై ఏళ్లకు 2.65 రెట్లు, 8 శాతం అనుకుంటే 4.66 రెట్లు. ఆ మూడు శాతం ఎవరో ఒకరు కుర్చీలో కూర్చుని వేసుకున్నదే. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు రకాలుగా నడిపించి, మూడింటిలోనూ నిలిచే ప్రతిపాదననే ముందుకు తీసుకుపోవాలి. ఏమీ చేయకపోతే ఏమవుతుంది, వంద మీటర్ల ఆక్రమణ తొలగించి ఎడమ మలుపు వేస్తే ఏమవుతుంది అన్న చౌక ప్రత్యామ్నాయాలు కూడా అదే మోడల్‌లో, అవే ఊహలతో నడవాలి. రిపోర్టుల్లో చాలావరకు ఫ్లైఓవర్‌ను పోల్చేది ఏమీ చేయకపోవడంతోనే. అలా పోల్చితే ఏదైనా గెలుస్తుంది.

డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లివ్‌బెర్గ్ బృందం 14 దేశాల్లోని 210 ప్రాజెక్టులను చూసి 2005లో తేల్చినదాని ప్రకారం, రైలు ప్రాజెక్టుల్లో అంచనా వేసిన ప్రయాణికులు అసలు వచ్చినవాళ్లకన్నా సగటున 106 శాతం ఎక్కువ. రోడ్లలో సగానికి అంచనా 20 శాతానికి మించి అటో ఇటో తప్పింది. రైలు అంచనాలు ఎక్కువగా ఒకవైపే తప్పాయి, గమనించండి. లెక్క తప్పడం ఒక్కటే కారణమైతే రెండు వైపులా తప్పాలి కదా.

ఊరివాళ్లు అడగాలంటే

సమాచార హక్కు చట్టం కింద కార్పొరేషన్ పౌర సమాచార అధికారికి దరఖాస్తు, 10 రూపాయల ఫీజు. 30 రోజుల్లో జవాబు రావాలి. "ట్రాఫిక్ స్టడీ వివరాలు ఇవ్వండి" అని రాస్తే రిపోర్టు జిరాక్సు పేజీకింత అని బిల్లు వేస్తారు. ఇలా అడగండి: వర్క్ ఆర్డరు, టీఓఆర్, ఇప్పటిదాకా చేసిన చెల్లింపులు, పావుగంటవారీ లెక్కింపు షీట్లు, పీసీయూ గుణకాల పట్టిక, వాడిన పెరుగుదల శాతాలు, లెక్కింపును మోడల్‌తో పోల్చిన పట్టిక, మోడల్ ఇన్‌పుట్ ఫైళ్లు, అన్నీ ఎలక్ట్రానిక్ రూపంలో. కంప్యూటర్‌లో ఉన్నదాన్ని అదే రూపంలో పొందే హక్కు సెక్షన్ 2(జె) ఇచ్చింది.

"కన్సల్టెంట్ వాణిజ్య రహస్యం" అని సెక్షన్ 8(1)(డి) చూపిస్తే మొదటి అప్పీలు 30 రోజుల్లోపు వేయాలి. సాఫ్ట్‌వేర్ రహస్యం కావచ్చు, ప్రజాధనంతో రోడ్డు మీద లెక్కపెట్టిన బండ్ల సంఖ్య రహస్యం కాదని అందులో రాయాలి. అదీ కుదరకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఫైళ్లే లేవు, రిపోర్టు మాత్రమే ఉంది అని రాతపూర్వకంగా జవాబిస్తే అది కూడా దాచుకోండి. అదే పనికి మళ్లీ టెండరు పిలిచినప్పుడు స్టాండింగ్ కమిటీలో మీ కార్పొరేటర్ చేతిలో పెట్టడానికి పనికొస్తుంది.